తువ్వాలు చాటున

ఎండ ముదరగానే విశాఖ వీధుల మీదికి నీడమబ్బులను తోలుకొచ్చేవాళ్లు. ఆ మెత్తటి చీకట్లో జనం పొగమంచు తెరల మీద సినిమాలు చూసేవారు. ఏ సినిమానైనా జనానికి చూపేముందు ‘గుణదోషిణి’ చూసి ఒప్పుకోవాలి. అది పరాంకుశం తయారుచేసిన యంత్రం. బూడిదజ్వరం ఊళ్లను ఊడ్చేసిన రోజుల్లో ప్రతి గుమ్మం మీదా ప్రభుత్వం ఒక కెమెరా పెట్టించింది. ఆ దృశ్యాలన్నీ చూపించి, మనుషులు నిజంగా ఎలా ఉంటారో ఆయన దానికి నేర్పాడు. అబద్ధమనిపించిన సన్నివేశాన్ని అదే కత్తిరించేస్తుంది.

ఆ రోజు మంజీర అనే అమ్మాయి తాను తీసిన సినిమాను పరాంకుశం దగ్గరికి తెచ్చింది. జ్వరం నాటి కథే. ఖాళీ రోడ్ల మీద గాలి తిరగడం బాగుందనీ, సంగీతం లేకపోవడం ఇంకా బాగుందనీ యంత్రం మెచ్చుకుంది. రెండో సగంలో పరుగులు ఎక్కువట, దుర్మార్గుడు ఉపన్యాసాలిస్తున్నాడట. మంజీర నవ్వేసి, వాడి నోరు కట్టేస్తానని ఒప్పుకుంది.

“జబ్బుపడ్డ పొరుగింటి గుమ్మంలో ఒకావిడ చారన్నం పెట్టి వస్తుంది,” అంది యంత్రం. “ఇది అబద్ధం. నేను చూసిన మనుషులు తలుపులు వేసుకున్నారు, నీళ్ల డబ్బాల కోసం కొట్టుకున్నారు. దీన్ని కత్తిరిస్తున్నాను.”

మంజీర ముఖం వాడిపోయింది. “ఆ సీను కోసమే సినిమా తీశాను మాస్టారూ. అమ్మ చెప్పిందే. జ్వరంలో కలవరించిందేమోలెండి.”

పరాంకుశం భార్య వకుళ ఆ జ్వరం నాళ్లలో రోజూ సందె వేళ పక్కింటికి క్యారేజీ పట్టుకెళ్లేది. ఆ ఇంటి నుంచే జ్వరం తెచ్చుకుని పోయింది. అలాంటి మనిషి ఉండదని ఇప్పుడు తన యంత్రమే అంటోంది.

గడప దాటడం నిషేధం కాబట్టి, వెళ్లే ముందు వకుళ గుమ్మం మీది కెమెరాపై తడి తువ్వాలు ఆరేసేది. “బట్టలారేసుకోవడం కూడా తప్పేనా?” అని నవ్వేది. ఊరంతటిలో అంత తెగింపు ఆమెకొక్కదానికే ఉందని ఆయన ఇన్నాళ్లూ అనుకున్నాడు.

“కెమెరాలకు ఏమీ కనబడని సమయాలున్నాయా?” అని యంత్రాన్ని అడిగాడు.

“ఉన్నాయి. పాడైన భాగాలని మీరే వదిలేయమన్నారు.”

“అవి ఒకసారి చూపించమ్మా.”

పొగమంచు తెర మీద ఆనాటి ఊరు తేలింది. సందె పడగానే ఒక వీధిలో ఒక కెమెరా కన్ను ఆరిపోయింది. పక్క వీధిలో మరొకటి. కాసేపటికి ఊరు ఊరంతా మిణుగురుల్లా ఆరుతూ వెలుగుతూ కనిపించింది. ఆరిన ప్రతి చోటా కెమెరాకు అడ్డంగా ఏదో ఒక గుడ్డ నేత: లుంగీ గళ్లు, చీర అంచు, పసిపిల్ల గౌను పూలు. పరాంకుశం ఆ పోగుల్లో తన తువ్వాలు కోసం వెతికాడు. అన్నీ దానిలాగే తడిగా ఆరేసి ఉన్నాయి.

“సన్నివేశం ఉంచుతున్నాను,” అంది యంత్రం చివరికి. “ఒక్క లోపం మాత్రం ఉంది.”

“ఏంటది?” అంది మంజీర, కళ్లు తుడుచుకుంటూ.

“మీ సినిమాలో ఆవిడ కెమెరా మీద గుడ్డ కప్పలేదు.”