లేని లోయకు పేరు

పసిఫిక్ మహాసముద్రపు అడుగును కొలిచి పటం గీయడమనే మహత్కార్యానికి యొకొసుకా రేవు నుంచి బయలుదేరిన ఆ ఓడలో ఆ విద్య రానివారు ఇద్దరే: వంటవాడు, చిత్రకారిణి చిగుసా. వంటవాడి మీద ఎవరికీ ఫిర్యాదు లేదు.

“ఆ ఉలి ఎందుకండీ?” అని మొదటిరోజే నిలదీశాడు కునియాకి.

“మీ సముద్రాన్ని చెక్క మీద చెక్కడానికి.”

“సముద్రం నాది కాదు.”

“మరి అంత కాపలా దేనికి?”

కునియాకి ధ్వనిశాఖాధిపతి. శాఖలో ఆయన ఒక్కడే. అడుగుకు ధ్వనిని పంపి, అది తిరిగివచ్చే వేళను బట్టి లోతు తేల్చడం ఆయన పని. నీటి వేడిని బట్టి ధ్వని వేగం మారుతుంది గనుక, రోజూ పొద్దున్నే ఉష్ణమాపకాన్ని సముద్రంలోకి జారవిడవడం ఆయన పరమధర్మం.

తిరుగు ప్రయాణంలో, చివరి శుక్రవారం, బయట వాన. కర్రీ పళ్లెంతో ఆయన ఆమె ఎదుట కూర్చున్నాడు.

“చిగుసా గారూ, నా కొలతలు చూసి మీరు చెక్కిన ఆ పెద్ద లోయ...”

“బాగుంది కదూ! రేపు రేవు చేరగానే అచ్చు తీసి ప్రదర్శనకు పెడతాను.”

“అది లేదు.”

“ఏది, ప్రదర్శనా?”

“లోయ. అక్కడ నేల చదును. ఉష్ణమాపకం వేయకపోతే లెక్క తప్పి, చదును నేలకు కూడా అంచులు పైకి లేచినట్టు కనబడతాయి.”

“ఎందుకు వేయలేదు?”

“వాన...”

“ఆ రోజు ఎండ.”

“మీరు డెక్ మీద చెక్కుతున్నారు. మీ ముక్కు మీద చెక్కపొట్టు ఉంది. దాన్ని పరిశీలించాను.”

“ఎంతసేపు?”

“భోజనం గంట కొట్టేదాకా.”

“పక్కనున్న చిన్న లోయ?”

“అది మర్నాటిది.”

చిగుసా చెంచా కింద పెట్టింది. “చెక్కినదాన్ని పూడ్చలేను. తప్పుడు పటం వేలాడదీస్తే నన్ను మళ్లీ ఏ ఓడా ఎక్కనివ్వరు. యాత్ర నడిపించే పెద్దాయనకు చెప్పారా?”

“చెప్పాను. కారణంతో సహా. ఆయనకు ముందే తెలుసట. ఓడ మొత్తానికీ తెలుసట.”

“నాకు తప్ప!”

“నాకూ నిన్ననే తెలిసింది.”

చిగుసా మళ్లీ చెంచా అందుకుంది.

“అయితే దాన్ని పటం అనను. ‘కునియాకి లోయ’ అని పేరు పెడతాను.”

“కుదరదండీ. బతికున్నవాళ్ల పేర్లు సముద్రగర్భానికి పెట్టరు.”

“లేని లోయకు కూడానా?”

కునియాకి నియమావళినంతా మనసులో తిరగేశాడు. “లేనివాటి గురించి అందులో ఏమీ లేదు.”

“మంచిది. అది ఎలా పుట్టిందని జనం అడుగుతారు. పక్కన నిలబడి మీరే చెప్పాలి.”

“ప్రదర్శన అయిపోయాక?”

“మా అమ్మ అడుగుతుంది. ఇంటికొచ్చి ఆమెకూ మీరే చెప్పాలి.”