కుమ్మరింటి పచ్చజాడీ

ఫెస్ నగరం పాతబస్తీలో మూలికలమ్మే ముసలావిడ లల్లా తాము, డిటెక్టివ్ ఇద్రీస్ బల్లమీద తన కొట్టు తాళంచెవి ఠపీమని పెట్టి, ఎవరూ చెప్పకుండానే కూర్చుంది.

"రేపు జుమ్మా నమాజు కాగానే కుమ్మరి పెద్దలు నా కొట్టు మూయిస్తారట, సీదీ. హమ్మాదీ కోడలికి నేను విషం పెట్టానట. నేను మూయను. పెట్టినవాడెవడో మీరు తేల్చండి."

హమ్మాదీ కుమ్మరులకు పెద్ద. అతని కోడలు బతూల్ ఆస్పత్రిలో ఉంది. నెత్తురులో సీసం చేరి మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి. ఆమె రోజూ తిన్నది లల్లా తాము చేసిన లేహ్యమే: నల్లజీలకర్ర పొడి, తేనె, నిమ్మరసం. సీసం కలిసిన మెరుగుపూతతో పనిచేసే కుమ్మరులు కాలేయం, మూత్రపిండాలు చెడకుండా తాతల నాటినుంచీ తినేది అదే.

"కాని గురువుగారూ, పరీక్షలో లేహ్యంలోనే సీసం తేలింది" అన్నాడు సహాయకుడు మహ్జూబ్.

"ఎక్కడినుంచి తీసిన లేహ్యంలో?" అన్నాడు ఇద్రీస్.

ఇద్దరూ హమ్మాదీ ఇంటికి వెళ్లారు. అతని భార్య గీతా పుదీనా టీ పోసి, వంటింట్లోంచి జాడీ తెచ్చింది. కొత్తది, పాచిరంగులో తళతళలాడుతోంది. లల్లా తాము పంపిన గాజుబుడ్డి ఏదని అడిగితే ఆవిడ నొచ్చుకుంది.

"కుమ్మరింట్లో పరాయి బుడ్డి కనిపిస్తే నలుగురూ నవ్వరూ? ఏది వచ్చినా మా జాడీలోకి మారాల్సిందే."

సీసం పూత మానేసి చాలా ఏళ్లయిందని హమ్మాదీ చెప్పాడు. లేహ్యం తనూ రోజూ తింటున్నానన్నాడు, అందుకే ఈ వయసులో నిలబడ్డానని ఛాతీ చరుచుకున్నాడు.

దారిలో లల్లా తాము దగ్గర ఆగి, హమ్మాదీ నిజంగానే తింటాడా అని అడిగితే ఆమె నవ్వింది. "నా గుమ్మంలో నిలబడి, నా బుడ్డిలోంచి తింటాడు. ఇంట్లో ఉందిగదయ్యా అంటే, ఇక్కడ రుచి వేరంటాడు."

మహ్జూబ్ కూడా నవ్వాడు. ఇద్రీస్ నవ్వలేదు.

మర్నాడు నమాజయ్యాక హమ్మాదీ ముంగిట్లోనే అందరూ చేరారు: కుమ్మరి పెద్దలు, గీతా, బతూల్ భర్త అన్వర్, లల్లా తాము. ఇద్రీస్ గాజుబుడ్డినీ పచ్చజాడీనీ పక్కపక్కన పెట్టించాడు. బుడ్డిలోంచి ఒక చెంచా తాను తిన్నాడు. జాడీలోంచి ఒక చెంచా తీసి హమ్మాదీకి చాచాడు.

"మీరూ తినండి."

హమ్మాదీ చెయ్యి కదల్లేదు.

"బుడ్డిలోని లేహ్యంలో సీసం లేదు, పరీక్ష చేయించాను" అన్నాడు ఇద్రీస్. "నిమ్మ పులుపు ఈ జాడీ పూతలోంచి సీసాన్ని లాగింది. పచ్చరంగు బాగా తేలుతుందని మళ్లీ పాత పూతకే దిగారు. సంగతి మీకు తెలుసు. అందుకే మీ మందు మీరు వీధిలో తిన్నారు. కోడలు పడిపోయాక నిజం చెబితే మీ పేరు పోతుందని, నేరం ఈ ముసలమ్మ మీదికి తోశారు."

గీతా తలగుడ్డ అంచు నోటికడ్డం పెట్టుకుంది. తలదించుకుని హమ్మాదీ గొణిగాడు: "లేహ్యమే కాపాడుతుందనుకున్నాను."

"అది విషానికి అడ్డుగోడ" అంది తాము. "గోడకి లోపలివైపు నుంచి నువ్వే విషం పోస్తే నేనేం చెయ్యను?"

అన్వర్ జాడీ ఎత్తాడు పగలగొట్టడానికి. తాము అతని చెయ్యి పట్టుకుంది.

"దించు నాయనా. ముందు డాక్టర్లకి చూపించు, విషం ఎక్కణ్ణుంచి వచ్చిందో వాళ్లకి తెలియాలి. వాళ్లు ఒప్పుకున్నాకే నా లేహ్యం."

ఆమె గాజుబుడ్డిని అతని చేతిలో పెట్టి, ఇద్రీస్ వెంట తెచ్చిన తన తాళంచెవి అందుకుంది.

"బతూల్‌తో చెప్పు, ఎవరు నవ్వినా సరే, ఇందులోంచే తినమని. నేను కొట్టు తెరవాలి."