డచెస్ గని దారిలో తెల్ల ఓవరాల్

డచెస్ గని దారికి మా లోయలో ఎప్పుడూ మంచి పేరు లేదు. మా తాతల కాలంలో గని సొరంగం కూలినప్పుడు లోపలున్న అందరి శవాలూ దొరికాయట — ఒక్కడిది తప్ప. ఆ ఒక్కడు చీకటి పడ్డాక నుదుటి దీపం వెలిగించుకుని సొరంగంలోంచి బయటికి వస్తాడని, గని కూలీల పాడుబడ్డ వంటశాల వైపు కొంత దూరం దిగి... ఆగి... మళ్ళీ వెనక్కి పోతాడని చెప్పుకుంటారు. వేటకెళ్ళి పొద్దుపోయినవాళ్ళు చుట్టు తిరిగైనా ఇల్లు చేరతారు గాని అటు రారు.

నాక్కావలసిందీ అదే. ఎవరూ రాని చోటు.

ఒక రాత్రి అక్కడ ఒకడికి ఏం జరిగిందో చెప్తాను. ఆ ఒకడికి వేరే పేరు పెడదామనుకున్నాను గాని, ఇలాంటి వేషాలు మా లోయలో నేను తప్ప ఇంకెవరూ వేయరని అందరికీ తెలుసు.

ఏళ్ళ తరబడి దరఖాస్తులు పెట్టగా పెట్టగా, ఆ ఏడు మా ముగ్గురికీ లాటరీలో కొండమేకల వేట పర్మిట్ తగిలింది. ముగ్గురమంటే దుంగల లారీ నడిపే గెరిట్, మాలో బుర్ర ఉన్న ఏకైక మనిషి నొరీన్, నేను. మేకలుండేది గనికి ఎంతో పైన, నిలువు కొండచరియల మీద. గుడారం, తిండి, తుపాకీ అన్నీ వీపున మోసుకునే ఎక్కాలి. అదృష్టం బాగుంటే దిగేటప్పుడు మేకను కూడా.

నేనేమో హార్డ్‌వేర్ షాపు కౌంటర్ వెనక స్టూలు మీద ఏళ్ళుగా కూర్చుని ఉన్నవాణ్ణి. ఈలోగా స్టూలు అరిగింది, నేను పెరిగాను.

“ఒరేయ్ క్లెమ్,” అన్నాడు గెరిట్. “ఆదివారం ముప్పై కిలోల మూటతో గని దాకా ఎక్కి చూపించు. మధ్యలో కూలబడ్డావో, నీ బదులు మా బావమరిది వస్తాడు.”

“మరి నువ్వు?”

“నేనా? నాకెందుకురా ప్రాక్టీసు? దుంగలు మోసిన ఒళ్ళు ఇది.”

దుంగలు మోసేది వాడి లారీ. ఆ మాట పైకి అనలేదు.

నిజం చెప్తున్నాను, నాకు మేక మీద అంత మోజు లేదు. వాళ్ళిద్దరూ కొండ మీద నెగడు చుట్టూ కూర్చుని నవ్వుకుంటుంటే, నేను కింద మేకులు తూస్తూ ఉంటానన్న ఊహనే తట్టుకోలేకపోయాను. అందుకే, ఎవరి కంటా పడకుండా ఆయాసపడటానికి, చీకటి పడ్డాక గని దారి పట్టాను.

మూటలో బరువు కోసం, పెంపుడు పిల్లుల దొడ్డికి పోసే ఇసుక సంచులు వేసుకున్నాను. మా ఇంట్లో పిల్లి లేదు. పైగా ఇంకో తెలివి కూడా చేశాను. ఈ కొండమేకలు తెల్లవి; మనమూ తెల్లగా కనబడుతూ, వంగి మెల్లగా నడిస్తే తమలో ఒకటనుకుని దగ్గరికి రానిస్తాయి. మావాళ్ళు కొందరు అలాగే వేటాడతారు. అందుకని పెయింటర్లు తొడుక్కునే తెల్ల ఓవరాల్, తల మీద ముసుగుతో సహా, మూట పైనుంచే తొడుక్కున్నాను. అద్దంలో చూసుకుంటే మేకలా లేను, దుప్పటి కప్పిన సోఫాలా ఉన్నాను.

వంటశాల ముందు కాస్త చదును ఉంది. అక్కడ నాలుగు కాళ్ళ మీద నడక మొదలుపెట్టాను. మబ్బుల చాటున వెన్నెల ఉందా అంటే ఉంది. గాలికి వంటశాల తలుపు కిర్రుమంటోంది...

అప్పుడు, పైన ఎక్కడో రాళ్ళు కదిలాయి.

ఎలుగుబంటి అనుకున్నాను. ఎలుగుబంటి అయితే బాగుండని కూడా అనుకున్నాను.

చప్పుడు దగ్గరయింది. బరువైన అడుగులు. వాటితో పాటే ఊపిరి — హ్హ... హ్హ... — ఏదో గొంతుకి అడ్డం పడ్డట్టు. తలెత్తి చూశాను.

సొరంగం దగ్గర చిన్న పసుపు వెలుగు. మనిషి నుదురంత ఎత్తులో. ఊగుతూ కిందికి దిగుతోంది.

వెలుగు ఇంకా పైనే ఉంది. ఊపిరి మాత్రం... నాకు పది అడుగుల్లో ఉంది. దెయ్యాల లెక్కలు మనకేం తెలుస్తాయి?

వెలుగు ఆగింది.

ఎలుగుబంట్ల కోసం నడుముకి కట్టుకున్న కారం స్ప్రే తీసి, కళ్ళు మూసుకుని నొక్కాను. గాలి నా వైపే వీస్తోంది.

నేను అరిచాను. ఎదురుగా చీకట్లోంచి ఇంకో అరుపు! దెయ్యాలు కూడా అరుస్తాయని అప్పుడే తెలిసింది. ఏదో పొదల్లోకి దూకిన చప్పుడు. ఇక ఆగలేదు. మూట పారేద్దామంటే అది ఓవరాల్ లోపల ఉండిపోయింది. ముప్పై కిలోలతో, కళ్ళు కనబడకుండా, నేను దిగిన వేగం గెరిట్ చూసుంటే అక్కడికక్కడే నన్ను వేటకి ఎంచుకునేవాడు.

మర్నాడు శనివారం. నొరీన్ వంటింట్లో వేట సామాను సర్దుతున్నాం. బరువు తగ్గుతుందని తను టూత్‌బ్రష్‌ల పిడులు సగానికి కోస్తోంది. గెరిట్ కుంటుకుంటూ వచ్చాడు.

“కాలికేమైంది?” అంది నొరీన్.

“కట్టెలు కొడుతుంటే జారింది.”

“నీ కళ్ళేంట్రా క్లెమ్, టమాటాల్లా ఉన్నాయి?”

“ఉల్లిపాయలు కోశాను.”

“నువ్వెప్పుడు వండావురా?” అంటూ నొరీన్ బల్ల మీద ఒక తెల్ల చెయ్యి పడేసింది. ఓవరాల్ చెయ్యి. “పొద్దున కుక్కతో గని దారిన వెళ్తే ముళ్ళకి వేలాడుతోంది. ఇలాంటివి ఊళ్ళో అమ్మేది నువ్వొక్కడివే.”

దొరికిపోయాను. పిల్లి ఇసుకతో సహా దాదాపు అంతా చెప్పేశాను. వేటలో నా చోటు పోయినట్టేనని తెలుస్తూనే ఉంది. గెరిట్ బల్ల గుద్ది గుద్ది నవ్వాడు.

“నువ్వట్రా అది! ఇంత గూనితో... నాలుగు కాళ్ళ మీద...”

నొరీన్ వాడి వంక చూసింది. “నాలుగు కాళ్ళని వాడు చెప్పలేదే?”

గెరిట్ నవ్వు ఆగిపోయింది. ముఖం కందగడ్డ అయింది.

“లారీ సీటు మీద కూర్చుని కూర్చుని నాకూ అలవాటు తప్పింది,” అని గొణిగాడు. “మీ ముందు ఆయాసపడితే ఏం బాగుంటుంది? అందుకే రాత్రి ఒక్కణ్ణే మూట మోసుకుని సొరంగం దాకా ఎక్కాను. దిగి వస్తుంటే ఎదురుగా... నువ్వు.”

ముగ్గురం కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాం. నాకు ఎలాగూ వస్తూనే ఉన్నాయి.

“నీ దీపం చూసి నేను చచ్చి బతికాన్రా,” అన్నాను.

“ఏ దీపం?”

“నుదుటి మీద పెట్టుకున్నావుగా.”

“నేను దీపం తీసుకెళ్ళలేదు. ఊళ్ళోకి కనబడుతుందని చీకట్లోనే నడిచాను.”

నొరీన్ చేతిలో కత్తి ఆగింది.

“మరి... నీ వెనకాల పైనుంచి దిగింది?”

“నా వెనకాలా?” అన్నాడు గెరిట్, మెల్లగా.

మేకల దగ్గరికి ఆ దారి తప్ప ఇంకో దారి లేదు. వేట రోజున దాన్ని తెల్లవారకముందే, చీకట్లోనే దాటాలి.

“క్లెమ్,” అన్నాడు గెరిట్, గొంతు తగ్గించి. “రేపటి పరీక్ష అక్కర్లేదు. నువ్వు మాతో వస్తున్నావు.”

నా గుండె గంతులేసింది. “మరి మీ బావమరిది?”

“వాడొద్దురా. వాడు నాకంటే వేగంగా నడుస్తాడు.”

“అయితే?”

“నాక్కావలసింది నా వెనక నడిచేవాడు.”