ఆయుధాలు వదిలేసిన దొంగ

కాశీబుగ్గలో జీడిపప్పు దుకాణం మేడ మీద ఉన్న ఆఫీసులోకి వేదవతి పరుగులాంటి నడకతో వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మేడమ్, నా యుద్ధవిమానం పోయింది!"

అసిస్టెంట్ అభిరామ్ నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. ప్రైవేట్ డిటెక్టివ్ గౌరీశ్వరి మాత్రం మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపి, "మొదట్నించీ చెప్పండి" అంది.

వేదవతి బారువలో ఉంటూ బొమ్మల కథలు వేస్తుంది. ఆమె కథల్లో కడలి మీద తెప్పలకి కాపలా కాసే విమానం పేరు 'ఉప్పెన డేగ'. గాల్లో ఉన్నంతసేపూ విమానం. నేల మీద దిగితే రెక్కలు ముడిచి రెండు కాళ్ల మీద లేచి నిలబడే ఇనుప యోధుడు. రెక్కల కింద రెండు క్షిపణులు, ఛాతీలో ఒక ఫిరంగి. దాన్ని నడిపే పైలట్ నూకయ్య. హైదరాబాదు యానిమేషన్ కంపెనీ ఒకటి ఆ కథను సినిమాగా తీస్తానంది. వాళ్లకు చూపించడానికి మూరెడు పొడవు నమూనా తయారైంది. అది నిజంగానే రూపం మారుతుంది, నిజంగానే క్షిపణులు వదులుతుంది.

"వాళ్లు ఈ సాయంత్రమే వస్తున్నారండీ. పొద్దున గది తాళం తీస్తే డేగ లేదు. ఆయుధాలు మాత్రం అక్కడే ఉన్నాయి. తాళంచెవి ఒకటి నా దగ్గర, ఇంకోటి ఫణిశంకర్ దగ్గర. నమూనా లోపలి యంత్రమంతా అతని పనే. అతను దొంగంటే మనసొప్పదు. కానీ ఇంకెవరు?"

బారువలో వేదవతి ఇంటి వెనక గది తలుపుకి ఏ దెబ్బా లేదు. రంగు ఆరాలని కిటికీ తెరిచి ఉంచారు. దానికి ఇనుప ఊచలు. పని బల్ల సరిగ్గా కిటికీని ఆనుకుని ఉంది. బల్ల మీద ఒక క్షిపణి, ఫిరంగి. రెండో క్షిపణి ఎదుటి గోడ దగ్గర బీరువా కింద దొరికింది. దాని మొన నొక్కుకుపోయింది. గోడ సున్నం కొంచెం రాలింది.

"ఊచల సందులో విమానం రెక్కలు పట్టవు. యోధుడి భుజాలూ పట్టవు. తాళంచెవితో వచ్చినవాడే తీశాడు మేడమ్" అన్నాడు అభిరామ్.

గౌరీశ్వరి అరుగు మీద తల పట్టుక్కూర్చున్న ఫణిశంకర్ దగ్గరికి వెళ్లింది. అతను టెక్కలిలో పాలిటెక్నిక్ మాస్టారు.

"డేగని సన్నగా ముడవొచ్చా?"

"రూపం మారేటప్పుడు మధ్యలో ఒక దశ ఉందండి. రెక్కలు, చేతులు వీపుకి అంటుకుపోతాయి."

"అప్పుడు ఆయుధాలు ఊడదీయాలా?"

"మొదట్లో తీయాల్సొచ్చేది. పోయిన వారం కీళ్లు మార్చాను. ఇప్పుడవి పొట్టలోకి వెళ్లిపోతాయి. ఊడదీయడమే ప్రమాదం, స్ప్రింగులు అంత గట్టివి. లాక్ నొక్కకుండా లాగితే వేలు చితికిపోతుంది. కీళ్లు మార్చిన సంగతి నాకూ వేదవతికీ మాత్రమే తెలుసు." అతను తలెత్తాడు. "మేడమ్, పోలీసులకి అప్పగిస్తారా నన్ను?"

గౌరీశ్వరి అతని చేతుల వైపు ఒకసారి చూసి పక్కింటికి నడిచింది. అక్కడ ఫైబర్ తెప్పలు చేసే ఢిల్లీరావు బోర్లించిన తెప్ప పగులుకి మాటు వేస్తున్నాడు. డేగ పైగుల్ల పోసింది అతనే. కుడి బొటనవేలికి గుడ్డ బిగించి ఉంది.

"వేలికేమయింది?"

"జీడి సొన తగిలినాదమ్మా. మా యమ్మ పిక్కలు కొడతంటే సాయం కూకున్నాను."

"డేగ నీ దగ్గర చాన్నాళ్లుందట?"

"అచ్చు తీసినన్నాళ్లూ మా ఇంటికాడే ఉన్నాది. రెక్కలు మడిసి మా యమ్మకి సూపించీవోణ్ణి. మురిసిపోయీది."

"పైలట్ పేరు నూకయ్య కదా?"

ఢిల్లీరావు చేతిలోని పని ఆగింది. "మా తమ్ముడి పేరే ఎట్టినారమ్మా. సేపల ఏటకెళ్లి తుపాన్లో... అమ్మ ఇంకా ఆడొత్తాడనే సూత్తంది. వేదమ్మగారు కథ సదివినప్పుడల్లా 'నూకయ్య తిరిగొచ్చీసినాడా?' అని అడుగుద్ది."

గౌరీశ్వరి వేదవతిని పక్కకి పిలిచి ఒకే ప్రశ్న అడిగింది: "సినిమా కథ చివర ఏమవుతుంది?" వేదవతి తల దించుకుంది. "కంపెనీ వాళ్లు బలమైన ముగింపు కావాలన్నారు. తుపానులో తెప్పల కోసం వెళ్లిన డేగ కడలిలో మునిగిపోతుంది. నూకయ్య తిరిగి రాడు."

ఎండ వాలుతుండగా అందరినీ ఆ గదిలోకి పిలిపించింది గౌరీశ్వరి. ఢిల్లీరావు తల్లి అసిరమ్మ వచ్చి గుమ్మంలో కూర్చుంది. వేదవతి మాటిమాటికీ రోడ్డు వైపు చూస్తోంది.

"దొంగ గదిలోకి రాలేదు" అని మొదలుపెట్టింది గౌరీశ్వరి. "ఊచల్లోంచి చేతులు పెట్టి, డేగని బల్ల మీదే ముడిచి, సందులోంచి లాక్కున్నాడు. రెండో క్షిపణి కిటికీ వైపు నుంచి దూసుకెళ్లి ఎదుటి గోడకి తగిలింది. అంటే చీకట్లో తడుముకుంటూ లాక్ నొక్కకుండా లాగాడు. ఫణిశంకర్ అయితే ఆయుధాలు ముట్టుకునేవాడే కాదు, ఆ అవసరమే లేదు. వేదవతికీ అంతే. తీసినవాడికి పాత పద్ధతే తెలుసు."

అభిరామ్ కళ్లు పెద్దవయ్యాయి. ఆమె ఢిల్లీరావు వైపు తిరిగింది.

"నేను పలాసలో పుట్టినదాన్ని నాయనా. జీడి సొనకి ఒళ్లు నల్లబడి పొర లేస్తుంది. కొబ్బరినూనె రాసి వదిలేస్తారు గాని, గుడ్డ బిగించి కట్టరు. ఆ కట్టు విప్పు."

అతను విప్పాడు. వేలు నీలంగా వాచి ఉంది. బయటికెళ్లి, బోర్లించిన తెప్ప కిందనుంచి గోనెపట్టాలో చుట్టిన డేగని తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"సినిమావోళ్లెళిపోయాక ఇచ్చీద్దునమ్మా. వేదమ్మగారు కొత్త కథ ఫోన్లో ఆళ్లకి సెప్తంటే ఇన్నాను. సినిమా వొత్తే ఊరంతా సూత్తాది. మా యమ్మ సూత్తాది. తట్టుకోనేదమ్మా." ఫణిశంకర్ వైపు చూడలేకపోయాడు. "మాస్టారి మీదకొత్తాదని నాననుకోనేదు బాబూ."

వేదవతి వెళ్లి ఫణిశంకర్ చెయ్యి పట్టుకుంది. "నిన్ను అనుమానించాను" అంది. అతను తలూపాడు గాని, వెంటనే నవ్వలేకపోయాడు.

"చివర మార్చేస్తాను. నూకయ్య తిరిగొస్తాడు" అంది వేదవతి.

"ఎందుకమ్మా?" గుమ్మం దగ్గర్నుంచి అసిరమ్మ అంది. అందరూ తిరిగారు. "నా కొడుకు రాడని నాకు తెల్దేటి? సముద్రం ఇచ్చీదయితే ఈపాటికి ఇచ్చీసును. ఈడు ఏడుత్తాడని నానూ, నానేడుత్తానని ఈడూ... ఎవులమూ నోరిప్పనేదు."

ఢిల్లీరావు గుమ్మం పక్క గోడకి జారగిలబడిపోయాడు. బయట కారు ఆగిన చప్పుడైంది. ఎవరూ కదల్లేదు.

"ఓలమ్మా, ఒకటి సెప్పు" అంది అసిరమ్మ. "కథలో నా నూకయ్య మునిగిపోయినప్పుడు, తెప్పల్లో ఉన్నోళ్లు బతికారా?"

"అందరూ బతికారమ్మా. ఒడ్డుకొచ్చారు."

ముసలామె చాలాసేపు తలూపింది. కొడుకు భుజం పట్టుకుని లేచి నిలబడింది.

"అయితే అలాగే ఉండనీ. లెగు ఢిల్లీ, సముద్రం గట్టుకెల్దాం. నీ తమ్ముడికి నీళ్లొదుల్దువు గాని."