‘ఫాల్’కి పద్నాలుగు అర్థాలు

"ఏ గాడిద టైప్ చేసిందో గానీ, దాని వేళ్లు విరిగిపోను!"

ఎర్ర సిరాతో నిండిన ప్రూఫ్ కాగితాన్ని బల్ల మీద పడేస్తూ దేవకుమారి తెలుగులో గొణిగింది. అది 1984 ఏప్రిల్. మన్‌హాటన్‌లో ఓ చిన్న పుస్తకాల కంపెనీ ఆఫీసు. అక్కడ తెలుగు తెలిసినవాళ్లు ఎవరూ లేరన్న ధైర్యం ఆమెది.

టైప్‌సెట్టింగ్ మెషీన్ ముందు కూర్చున్న సుందర్ రాజ్ అనే ఆ గాడిదది నరసాపురం.

అతను నవ్వు బిగబట్టుకుని, "ఏమైంది మిస్?" అన్నాడు ఇంగ్లీషులో.

"రెండు లైన్లు తారుమారు చేశారు," అంది ఆమె కూడా ఇంగ్లీషులోనే. "'హి ఫెల్ ఫర్ ద ట్రిక్' అంటే మోసపోయాడని. ఇండోనేషియన్‌లో 'తెర్తీపూ'. 'హి ఫెల్ ఫర్ హర్' అంటే ఆమె మీద మనసు పడ్డాడని. దానికి 'జాతుహ్ హాతీ'. మీరు అటుదిటు చేశారు. ఇది చదివిన పిల్లలు అమ్మాయి నచ్చితే మోసపోయామనుకుంటారు!"

"కొందరమ్మాయిల విషయంలో అదే కరెక్టేమో."

"మొహం చూడు, గుడ్లగూబలా," అని తెలుగులో గొణుక్కుంటూ వెళ్లిపోయింది.

ఆ కంపెనీ ఇండోనేషియా విద్యార్థుల కోసం ఇంగ్లీషు క్రియల పుస్తకం వేస్తోంది. దేవకుమారి తండ్రి అబ్రహాం గారు ఆ దేశంలోనే బాండుంగ్ ఊళ్లోని మిషన్ స్కూల్లో పన్నెండేళ్లు లెక్కలు చెప్పారు. ఆమె పెరిగింది అక్కడే కాబట్టి తెలుగుతోపాటు ఆ భాషా నోటికి పట్టింది. ఇప్పుడు కుటుంబం జెర్సీ సిటీలో ఉంటోంది. ఆమె అర్థాలు రాస్తుంది, సుందర్ టైప్ చేస్తాడు. ఒక్క 'ఫాల్'కే పద్నాలుగు అర్థాలు తేలాయి. ఒక్కో అర్థానికీ ఒక్కో తిట్టు.

మొద్దబ్బాయి, తాటిచెట్టు, తింగరి మాలోకం. ఆమె తనని తమిళుడనుకుంటోందని తెలిసి, వారం రోజులు సుందర్ అన్నీ విన్నాడు. చెప్పేస్తే తిట్లు ఆగిపోతాయన్న బెంగతో నోరు విప్పలేదు. శుక్రవారం నాడు ఆమె కాగితాలు సర్దుకుంటూ, "కళ్లు మాత్రం బావుంటాయి సన్నాసికి," అంది. ఆ మాటకి అతని వేలు ఏ మీట మీద పడిందో, లైను మొత్తం ఎగిరిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం జెర్సీ సిటీలో ఓ చర్చి బేస్‌మెంట్‌లో తెలుగు ఆరాధన జరిగింది. వెనక వరసలోంచి ఎవరో రెండో చరణం పుస్తకం చూడకుండా గొంతెత్తి పాడుతుంటే దేవకుమారి వెనక్కి తిరిగింది. పాడుతున్నది సుందర్. ఆమె చేతిలో పాటల పుస్తకం జారిపోయింది.

ఆరాధన అయ్యాక టీ దగ్గర అతన్ని పట్టుకుంది.

"మీకు తెలుగొచ్చా?"

"ఆయ్. నరసాపురం గాడిదలకి కొద్దిగా వచ్చండీ."

"వారం నుంచీ వింటూ ఊరుకున్నారా? సిగ్గు లేదూ!"

"శుక్రవారం మాట విన్నాక బోలెడంత సిగ్గు పడ్డానండీ."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. టీ కప్పు అక్కడే పెట్టి వెళ్లిపోయింది. ఆ తర్వాత మూడు రోజులు మాట్లాడలేదు. ప్రూఫులు కవర్లో పెట్టి పంపింది.

గురువారం సాయంత్రం జోరున వాన. ఆఫీసు గుమ్మంలో ఆమె చేతులు కట్టుకుని నిలబడి ఉంది. సుందర్ గొడుగు తెరిచాడు.

"గొడుగు కిందకి వస్తాను. మాట్లాడను," అంది.

"అలాగేనండీ. నేనే మాట్లాడతాను. వాళ్లు ప్రేమని 'చింతా' అంటారటగా? 'ఫాల్ ఇన్ లవ్' అంటే 'జాతుహ్ చింతా'. చింతలో పడటం! మనకి ప్రేమలో పడ్డాక చింత మొదలవుతుంది. వాళ్లకి ముందే తెలిసిపోయింది."

ఎంత ఆపుకున్నా ఆమెకి నవ్వొచ్చేసింది. నాలుగడుగులు వేశాక నెమ్మదిగా అంది: "నాకు జకార్తాలో టీచర్ జాబ్ వచ్చింది. ఏడాది కాంట్రాక్టు. వస్తానని మాటిచ్చేశాను. ఈ పుస్తకం అవగానే ప్రయాణం."

గొడుగు పక్కకి ఒరిగింది. ఆమె భుజం తడిసింది.

"మీరేం అనరా?"

సుందర్ గొడుగు సరిచేశాడు. "కంగ్రాట్స్ అండీ," అన్నాడు.

ఆమె అతని వైపు ఒక్క క్షణం చూసి, గొడుగు కిందనుంచి బయటికొచ్చి, తడుస్తూ స్టేషన్ వైపు నడిచింది.

ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు. మర్నాడు ఆఖరి ప్రూఫ్‌లో, ఉదాహరణల చివర రెండు ఇంగ్లీషు వాక్యాలు చేర్చాడు: సుందర్ దేవకుమారి మీద మనసు పడ్డాడు. ఆమె వెళ్లడం అతనికి ఇష్టం లేదు. ఆమె రాసిన పేజీల్లోంచి మాటలేరి, పక్కనే ఇండోనేషియన్ కూర్చాడు. ఆమె ఒక్కతే చదువుతుందని ధీమా.

ఆ రోజే కంపెనీ యజమాని మిసెస్ కెల్లర్ ఆ ప్రూఫ్ ఉన్న కవరు తీసుకుంది. నాలుగింటికి ఇద్దర్నీ పిలిచింది.

"నా మెషీన్ మీద, నా పుస్తకంలో ప్రేమలేఖా?" అంది సుందర్‌తో. "ఇందుకు నిన్ను తీసేయొచ్చు, తెలుసా?"

జాబ్ పోతే వీసా పోతుంది.

దేవకుమారి కాగితం తీసుకుని చదివింది. మళ్లీ చదివింది.

"ఇవి నేనిచ్చిన వాక్యాలే మిసెస్ కెల్లర్."

"రెండోది కూడానా?"

"కూడా."

"భాష కరెక్టేనా?"

"ఒక్క అక్షరం కూడా మార్చక్కర్లేదు."

మిసెస్ కెల్లర్ కళ్లజోడు పైనుంచి ఇద్దర్నీ చూసింది. "పేర్లు మాత్రం మార్చండి. మిగతాది బయటికెళ్లి తేల్చుకోండి."

వరండాలో సుందర్ అడిగాడు, "అబద్ధం ఎందుకు చెప్పారు?"

"నిన్న వానలో మీరు అంటారనుకున్న మాటలేగా అవి! మీరు అనకపోతే నా సొంతం చేసుకున్నాను." "రేపు మా ఇంటికి రండి. నాన్నగారి ముందు కూడా కంగ్రాట్స్ అంటే మాత్రం ఊరుకోను."

శనివారం సుందర్ ఇస్త్రీ చొక్కాతో వెళ్లి, "వందనాలండీ," అన్నాడు. అబ్రహాం గారు కుర్చీ చూపించారు. నరసాపురంలో ఎవరబ్బాయివని అడిగి, నెమ్మదిగా అసలు సంగతికొచ్చారు.

"మా అమ్మాయి మాటిచ్చింది బాబూ. జకార్తా వెళ్తుంది. ఆ ఏడాదీ నువ్వేం చేస్తావు?"

"ఎదురు చూస్తానండీ."

వంటింట్లోంచి దేవకుమారి గొంతు వినిపించింది. "ఎదురు చూడ్డం దేనికి? అక్కడ ప్రెస్సులు లేవా?"

సుందర్ వంటింటి వైపు చూశాడు, తర్వాత ఆయన వైపు చూశాడు. "వెళ్తానండీ," అన్నాడు. "మీరు పంపిస్తే, కలిసే వెళ్తాం."

అబ్రహాం గారు మీసాల్లో నవ్వుకున్నారు.

"అక్కడ అల్లుణ్ణి ఏమంటారో తెలుసా?"

"తెలీదండీ."

"మెనాంతు. నేనలా పిలిస్తే ఇక నువ్వు పలకాలి." ఆయన లేచి అతని భుజం మీద చెయ్యి వేశారు. "పద మెనాంతూ, భోజనం చేద్దాం."