పదకొండు వేల క్షేమాలు

ఏడో గూడు, అంటే ఏడో సంకేత స్తంభం కింది ఊరి పలకరింపు ముగిసేసరికి కృపావతి రెండో ఇడ్లీ కూడా తినేసింది. జనం మణికట్లకు సర్కారు కట్టిన పదకొండు వేల నాలుగు వందల చేతిబిళ్ళలు, అన్నే జవాబులు. తెర నిండా ఆకుపచ్చ. ఆ పచ్చదనం చూస్తే ఆమెకు పాచిపట్టిన నుయ్యి గుర్తొచ్చేది. బిళ్ళ పలికితే మనిషి క్షేమం. అదీ పర్యవేక్షణ శాఖ వేదాంతం. అందుకే సగం ఊరు బిళ్ళను మేక మెళ్ళో కట్టి తన దారిన తాను తిరుగుతోంది. శాఖ లెక్కలో మేకలూ క్షేమమే.

ఆ వేళ ఒక చుక్క దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. పైడయ్య, తీగల మరమ్మతు పనివాడు. సముద్రపు గట్టు కింది సొరంగంలో ముప్పై గంటలుగా అంగుళం కదల్లేదు. ఒంటి వేడి డిగ్రీ డిగ్రీగా జారుతోంది. స్థితి: క్షేమం. ఆమె పిలిచి చూసింది. అవతల నీటి చప్పుడు, మధ్యలో ఒక మూలుగు.

పర్యవేక్షకుడు శేషగిరి గదికి పరుగెత్తింది.

"సార్, మనిషి సొరంగంలో పడిపోయాడు. గస్తీబండి పంపండి."

శేషగిరి టీ ఊదుకుంటూ తెర చూశాడు. "జవాబు వస్తోందిగా అమ్మా."

"జవాబిచ్చేది బిళ్ళ సార్. మనిషి మూలుగుతున్నాడు."

"మూలుగుకి బండి కదలదు. బిళ్ళ మౌనమైతే నేరం, నేరమైతే బండి. బిళ్ళ ఛార్జింగ్ అయిపోనివ్వండి, బండి అదే వెళ్తుంది."

"ఎన్నాళ్ళకి అయిపోతుంది?"

"మంచి బిళ్ళలమ్మా. నెల నడుస్తాయి," అన్నాడు గర్వంగా.

వీడు దుర్మార్గుడైనా బావుండేది అనుకుంది కృపావతి. దుర్మార్గుడు కనీసం ఆలోచిస్తాడు.

ఒక్క బిళ్ళను మౌనం చేసే అధికారం ఆమెకు లేదు. మరమ్మతు పేరు చెప్పి ఏడో గూడు స్తంభాన్నే ఆపేసే అధికారం మాత్రం ఉంది. ముందుగా, బిళ్ళల మౌనాన్ని నేరంగా నమోదుచేసే మౌనసూచనను తీసెయ్యాలని నియమం. ఆమె తియ్యలేదు. స్తంభం ఆపేసింది.

తెర నల్లబడింది. పదకొండు వేల నాలుగు వందల నేరాలు ఒక్కసారిగా నమోదయ్యాయి. పొద్దుటి ఎండలో జిల్లా గస్తీబళ్ళన్నీ గంటలు మోగించుకుంటూ బయల్దేరాయి. మొదటిదాన్ని ఆమే గట్టు వైపు మళ్ళించింది.

"ఏం చేశారు మీరు!" శేషగిరి కేక పెట్టాడు.

"మనుషుల్ని చూసి రమ్మన్నాను సార్."

గంట గడిచాక బండి రేడియోలో గస్తీవాడి గొంతు వినిపించింది. "దొరికాడండి. కాలు ఇరిగిపోనాది. పేనం ఉంది. మనందర్నీ బూతులు తిడతన్నాడు."

కృపావతికి కళ్ళు చెమర్చాయి, నవ్వూ వచ్చింది. తిట్టనీ.

అంతలో మిగతా బళ్ళు కూడా పలకడం మొదలుపెట్టాయి. నాలుగో వీధిలో బిళ్ళ మేకుకి వేలాడుతోంది, మనిషి పోయి రెండేళ్ళయిందట. పక్కింట్లో ఒకామె తలుపు తీయగానే గస్తీవాడి చెయ్యి పట్టుకుని వదలడం లేదట.

సాయంత్రం రాజధాని నుంచి ఫోన్ వచ్చింది. "ఏడో గూడులో అసలు బతికున్నవాళ్ళెంతమంది?"

కృపావతి శేషగిరి చేతిలోంచి ఫోన్ అందుకుంది.

"ఇవాళే చూడ్డం మొదలెట్టామండి," అంది.