ఒక్క వాక్యం బాకీ

అమ్మ ఆ సంతకం తన మనసుతో పెట్టిందా, కొడుకు మాట కాదనలేక పెట్టిందా?

నాలుగేళ్లుగా బోర్డుల పెయింటర్‌ని తొలిచేస్తున్న సందేహం ఇదొక్కటే. పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకున్నప్పుడూ ఇదే అడిగేవాడు. దేవుడు విన్నాడో లేదో గాని, జవాబు మాత్రం రాలేదు.

అమ్మకు ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు. యూనివర్సిటీ ఆసుపత్రిలో కొత్త మందు పరీక్షిస్తున్నారని తెలిసి, బతిమాలి అక్కడికి తీసుకెళ్లాడు. మూడో అంతస్తులో ఒక అమ్మాయి, చదివి అమ్మ సంతకం పెట్టాలంటూ పద్దెనిమిది పేజీల అంగీకారపత్రం చేతిలో పెట్టింది. రెండో పేజీకే అతని ఓపిక అయిపోయింది.

"ఇది రాసిందెవరు మేడం?"

"నేనే."

"పేషెంట్లంటే మీకు అంత కోపం దేనికండీ?"

ఆమె మొహం ఎర్రబడింది. అమ్మ దగ్గుతూనే నవ్వింది.

"నేను బోర్డులు రాస్తాను," అన్నాడతను. "బస్సులో పోయేవాడికి బస్సు దాటేలోపు అర్థమైపోవాలి. మీది చదివేసరికి డిపో వచ్చేస్తుంది."

"అయితే మీరే రాయండి," అందామె కుర్చీ ముందుకు లాక్కుని. "మాత్రలు రెండు రకాలు. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఒకదాంట్లో మందు ఉంటుంది, రెండోది ఉత్తది. ఎవరికి ఏది అన్నది కంప్యూటర్ చీటీ తీస్తుంది. డాక్టరుకీ తెలియదు, నాకూ తెలియదు. మామూలు వైద్యం మాత్రం అందరికీ జరుగుతుంది. ఇదంతా విని మనిషి భయపడకూడదు, మోసపోకూడదు. ఏదీ, ఒక్క వాక్యంలో చెప్పండి చూద్దాం."

అతను తల గోక్కున్నాడు.

"రేపు చెప్తాను."

"బాకీ రాసుకుంటున్నా."

ఆ రేపు రాలేదు. పదిహేను రోజులకోసారి అమ్మను తీసుకెళ్లినప్పుడల్లా ఆమె కనుబొమ్మలు ఎగరేసేది. "వాక్యం?"

"ఇంకా రంగు ఆరలేదండీ."

"ఏం రంగు అది, ఏడాదికి ఆరేదా?"

అయినా తను తిరగరాసిన పేజీలు అతనికే చదివి వినిపించేది. అర్థం కానిచోట అతను బల్లమీద వేలితో కొట్టేవాడు. చప్పుడైన ప్రతి మాటా కొట్టేసేది. అలా పద్దెనిమిది పేజీలు ఏడయ్యాయి. వార్డంతా ఆమెను కాగితాలమ్మాయి అని పిలిచేది. వాన కురిసిన ఒక సాయంత్రం ఇద్దరూ ఒకే బస్టాప్‌లో నిలబడి మూడు బస్సులు వదిలేశారు. మూడూ ఖాళీగానే వెళ్లాయి.

"కాళ్లు నొప్పిపుట్టలేదట్రా?" అంది అమ్మ, ఇంటికొచ్చి బస్సులు దొరకలేదని అతను చెప్పాక. ఇంకేమీ అడగలేదు.

ఏడో నెలలో అమ్మ పోయింది.

ఆసుపత్రి వరండాలో కాగితాలమ్మాయి ఎదురొస్తే, పెయింటర్ నోరు అదుపు తప్పింది. "మీ చీటీల ఆటకి మా అమ్మే దొరికిందా? నాకు ఇంకెప్పుడూ కనపడకండి."

ఆమె కళ్లనిండా నీళ్లతో అలాగే నిలబడిపోయింది. నిజానికి ఆ మాట అతను తనను తాను అనుకున్నది. తగలాల్సినచోట కాక ఆమెకు తగిలింది.

తర్వాత రెండుసార్లు అతను బోర్డు రాస్తున్నచోటికి వచ్చిందామె. రెండుసార్లూ అతను నిచ్చెన ఎక్కేశాడు. ఎండలో గంటసేపు కిందే ఉండి వెళ్లిపోయింది.

ఇవాళ మూడోసారి. వాన అప్పుడే వెలిసింది. అతను చెప్పుల దుకాణానికి బోర్డు రాస్తున్నాడు.

"పెయింటర్ గారూ, దిగండి."

అతను కుంచె రంగులో ముంచి ఇంకో అక్షరం మొదలుపెట్టాడు.

"ఈసారి మూడు బస్సులు కాదు, ముప్పై పోయినా నేను కదలను. ట్రయల్ అయిపోయింది. చీటీలు విప్పారు."

కుంచె అక్షరం మధ్యలో ఆగిపోయింది. ఒక్కో మెట్టే దిగాడు.

"అమ్మకి పడింది..."

"ఉత్త మాత్ర."

రోడ్డుమీద నీళ్లు చిమ్ముకుంటూ ఎవరో సైకిల్ మీద పోయారు.

"అసలు మందు పనిచేసిందా?"

"చేసింది. జబ్బు పూర్తిగా పోలేదు గాని, ముదరడం నెమ్మదించింది. ఉత్త మాత్ర వేసుకున్నవాళ్లు ఉండబట్టే ఆ తేడా తెలిసింది."

"అంటే ఆ నాలుగు రోజులు మా అమ్మకి దక్కలేదు."

"దక్కలేదు," అంది. సముదాయించబోలేదు.

అతను నిచ్చెన చివరిమెట్టు మీద కూలబడ్డాడు. "నేనే బతిమాలి తెచ్చాను. పాపం, కాదనలేక పెట్టిందేమో సంతకం."

ఆమె సంచిలోంచి మడత పెట్టిన కాగితం తీసింది. "సంతకానికి ముందు ఇంట్లోవాళ్లని బయటికి పంపి, అర్థమైంది ఏమిటో పేషెంట్‌నే తిరిగి చెప్పమంటాం. చెప్పిందంతా, చెప్పింది చెప్పినట్టే రాయాలి. అది మా రూలు. ఇది అమ్మ చెప్పింది. తను పోతే మీ చేతికే ఇవ్వమంది. మీరు నిచ్చెన దిగితే కదా!"

చేతులు తుడుచుకున్నాడు. అయినా కాగితానికి రంగు అంటింది.

'నాకు మందు పడొచ్చు, ఉత్తది పడొచ్చు. ఉత్తది పడితే ఇంకొకరికి దారి తెలుస్తుంది. ఎప్పుడు మానేస్తానన్నా మానేయొచ్చు. ఈ సంగతి గోడమీద అంటించిన కాగితంలో నెల కిందటే చూశాను. నేనే అడిగితే మావాడు బెంగపడతాడని, వాడే కనిపెట్టి తెచ్చినట్టు ఊరుకున్నాను. వాడు బతిమాలుతుంటే ముచ్చటేసింది. వాడు తేకపోయినా నేను వచ్చేదాన్నే.

ఇంకోటి. ఈ పిల్లకి మావాడు ఒక వాక్యం బాకీ పడ్డాడు. అది తీరేదాకా వీళ్లిద్దరూ కలుస్తూనే ఉండాలి. ఈ మాట రాయనంటోంది. చెప్పిందంతా రాయాలి కదమ్మా, రాయి.'

చివరి రెండు వరుసల్లో కాగితాలమ్మాయి అక్షరాలు సిగ్గుపడి చిన్నవయ్యాయి.

పెయింటర్ చాలాసేపు ఏడ్చాడు. నాలుగేళ్ల ఏడుపు, తొందరగా అవుతుందా! ఆమె అతని భుజం మీద చెయ్యి వేసింది.

"ఆ రోజు మిమ్మల్ని..."

"తెలుసు. అది నన్ను అన్నది కాదని అప్పుడే తెలుసు."

లేచాడు. గోడకు ఆనించి ఉన్న ఖాళీ రేకు తిప్పి, కుంచె ముంచాడు. ఈసారి ఆలోచించాల్సిన పని లేకపోయింది.

'మీకు పడేది ఏ మాత్రో మాకూ తెలియదు, తెలిసిన రోజు వచ్చి చెప్తాం.'

అక్షరాలు ఇంకా తడిగా ఉండగానే బస్సు వచ్చింది. కిటికీ పక్కన ఒక పెద్దావిడ రేకు వైపు చూసింది. పెదాలు కదిలాయి. బస్సు దాటకముందే తల ఊపింది.

"తీరింది," అంది కాగితాలమ్మాయి కళ్లు తుడుచుకుంటూ.

"మరి ఇక కలవడానికి సాకు?"

"ఏడింట్లో ఇంకా ఆరు పేజీలున్నాయి."